గాలి టైరును నిర్మించిన పశువైద్యుడు – జాన్ బాయిడ్ డన్లప్

విద్యార్థులారా! మన పాఠశాలకు ప్రతిదినమును బైసికిళ్ల మీద వచ్చు బాలురు పెక్కుమంది కలరు. బ్రేకు మీటను నొక్కినప్పుడు ఆ రబ్బరు ముక్కలు టైరును పట్టుకొనక, టైరునకు లోపలి వైపున నున్న లోహపు రిమ్మునే యేల పట్టుకొనుచున్నవో యోచించినవారు మాత్రము కొలదిమందియే యుందురు. టైరు అన్నిటికంటె వెలుపల నున్నది. చక్రములో నన్నిటికంటె వేగముగ తిరుగు భాగ మదియే. దానినే అదిమిపెట్టినచో చక్రము సులభముగ నాగును గదా యని తోచును. నిజముగ పూర్వకాలమున నట్లే చేసిరి. ఇనుముతో గరిటె వలె చేయబడిన బ్రేకును ముందు చక్రపు టైరు మీద నొక్కి బండిని నిలుపుచుండిరి. ఆ పద్ధతికి కాలము చెల్లునట్లు చేసినవాడు ఇంజనీరు కాడు, యంత్రశాల యజమాని కాడు. గుఱ్ఱములకును ఆవులకును వైద్యము చేయు ఒక పశువైద్యుడు. ఆయన పేరు నేటికిని టైర్ల మీద అచ్చువేయబడి యున్నను, ఆయన చరిత్ర మెఱిగినవారు తక్కువ. కావున దానిని ఇచట కొంత వివరింతును.

జాన్ బాయిడ్ డన్లప్ 1840వ సంవత్సరము ఫిబ్రవరి 5వ తేదీన స్కాట్లండు దేశమున, ఐర్‌షైర్ మండలమునందలి డ్రెగ్‌హార్న్ అను గ్రామమున, వ్యవసాయ కుటుంబమున జన్మించెను. నెలలు నిండకమునుపే పుట్టిన శిశువగుటచే తన దేహము దుర్బలమని ఆయన జీవితాంతమును నమ్మి, ఆరోగ్య విషయమున మిక్కిలి జాగ్రత్త వహించుచుండెనట. అట్లు భయపడిన మనుజుడు ఎనుబదియొక్క సంవత్సరములు బ్రదికెను!

పొలమున పుట్టి పశువుల నడుమ పెరిగినవాడగుటచే ఆయన ఎడింబరో నగరమునందలి పశువైద్య కళాశాలలో చేరి, పట్టము పొంది, సుమారు పది సంవత్సరములు స్వదేశమున వైద్యము చేసెను. 1867లో ఐర్లండు దేశమునకు తరలిపోయి డౌన్‌పాట్రిక్ అను పట్టణమున తన సోదరుడు జేమ్సుతో కలిసి పశువైద్యశాల నెలకొల్పెను. 1871లో మార్గరెట్ స్టీవెన్‌సన్ అను కన్యను వివాహమాడెను. వారికొక కుమారుడును ఒక కుమార్తెయు కలిగిరి. తరువాత ఆయన బెల్‌ఫాస్టు నగరమున మే స్ట్రీటునందు వైద్యశాల పెట్టెను. ఆ దినములలో నగరమున సరకు మోయునవియు మనుష్యుల నీడ్చునవియు గుఱ్ఱములే గదా! పశువైద్యునకు చేతినిండ పని యుండెడిది. 1880ల నడిమికాలమునకు ఐర్లండులోని పెద్ద పశువైద్యశాలలలో ఆయనదియు నొకటి యయ్యెను. నలుబదియేడేండ్ల వయస్సు వచ్చువరకు ఆయన జీవితమున ఇంతకంటె చెప్పదగిన విశేష మేమియు లేదు. ఆ వయస్సులో నాతడు వైద్యమును మానకయే, తన యింటి వెనుకటి దొడ్డిలో ఒక చిన్న ప్రయత్నము చేసెను.

ఆ ప్రయత్నమును గ్రహించుటకు ముందు ఆనాటి బైసికిలు ఎట్లుండెడిదో తెలిసికొనవలెను. 1870లలో వాడుకలోనికి వచ్చిన బైసికిలునకు ముందు చక్రము మనిషి రొమ్మెత్తు, వెనుక చక్రము మిక్కిలి చిన్నది. ఎక్కుటయు కష్టము, దిగుటయు కష్టము, పడుట మాత్రము సులభము. 1885లో కోవెంట్రీ నగరమునందు జాన్ కెంప్ స్టార్లీ అనునాతడు రెండు చక్రములును ఇంచుమించు సమానముగ నుండి, వెనుక చక్రమును గొలుసుతో త్రిప్పు బండిని అమ్మకమునకు తెచ్చెను. మన మిప్పుడెక్కు బైసికిలునకు అదియే మూలరూపము. దాని నుండి పడు భయము తగ్గెను గాని క్రొత్త బాధ యొకటి వచ్చెను. పెద్ద చక్రము చిన్న గుంటల మీదుగా దొర్లిపోవును. చిన్న చక్రము ప్రతి గుంటలోనికిని దిగి లేచును. టైర్లన్నియు గట్టి రబ్బరు పట్టీలే. అందుచే ఆ క్రొత్త బండి నెక్కినవానికి ఎముకలన్నియు కదలునట్లుండెడిది.

డన్లప్ కుమారుడు జానీకి అప్పుడు తొమ్మిది పదియేండ్ల ప్రాయము. వానికొక మూడు చక్రముల సైకిలుండెడిది. బెల్‌ఫాస్టు వీథులలో పఱచిన రాళ్లమీదను, ట్రాము పట్టాలమీదను దానిని త్రొక్కలేక అలసిపోవుచున్నానని బాలుడు తండ్రితో మొఱపెట్టుకొనెను. ఇట్టి మొఱలు ప్రతి యింటను వినబడునవే. చాలమంది తండ్రులు కొంచెము మెల్లగా త్రొక్కుమని చెప్పి తమ పని చూచుకొందురు. డన్లప్ అట్లు చేయలేదు. బండి యేల కుదుపుచున్నదని ఆలోచించెను.

1887వ సంవత్సరము అక్టోబరు మాసమున ఆయన సుమారు 96 సెంటీమీటర్ల, అనగా మూడడుగులకు కొంచె మెక్కువగు అడ్డుకొలత గల గుండ్రని కొయ్యపలక నొకదానిని సిద్ధపరచెను. పలుచని రబ్బరు రేకును తానే అతికి గొట్టముగ చేసి, ఆ పలక అంచు చుట్టును అమర్చి, దానిపై నారబట్ట చుట్టి మేకులతో బిగించెను. ఫుట్‌బాలునకు గాలి కొట్టు పంపుతో ఆ గొట్టములోనికి గాలి నింపి కట్టివేసెను. పిమ్మట కుమారుని సైకిలు యొక్క ముందు చక్రము నూడదీసి, దొడ్డిలో మొదట దానిని దొర్లించెను. అది కొంతదూరము పోయి పడిపోయెను. తరువాత గాలి కట్టిన పలకను దొర్లించెను. అది దొడ్డి పొడవునను పరుగెత్తి, ఆవలి ద్వారబంధమునకు తగిలి వెనుకకు ఎగిరివచ్చెను!

దీనికి కారణము క్లిష్టమైనది కాదు. గట్టి చక్రము ఒక రాతి మీది కెక్కునప్పుడు చక్రమును, బండిని, మనిషిని కూడ పైకెత్తవలెను. ఎత్తుటలో వ్యయమైన బలము దిగునప్పుడు చప్పుడుగను కుదుపుగను వ్యర్థమగును. గాలి టైరైనచో రాయి ఉన్న చోట మాత్రమే లోపలికి అణగి, దాటినవెంటనే తిరిగి ఉబ్బును. బండి లేవనవసరము లేదు. కావున కుదుపు తగ్గుటయేగాక వేగమును హెచ్చును. డన్లప్ మొదట కోరినది సుఖము; దానితోబాటు వేగము కూడ వచ్చెను. లోకము ఆశపడినది ఈ రెండవదానికే.

ఆయన కుమారుని సైకిలునకు రెండు వెనుక చక్రములను క్రొత్తగ చేసి గాలి టైర్లు తొడిగి పరీక్షించెను. తరువాత పెద్దల బైసికిళ్లకును అమర్చి చూచెను. 1888వ సంవత్సరము జూలై 23వ తేదీన పేటెంటు హక్కునకై దరఖాస్తు పెట్టగా, డిసెంబరు 7వ తేదీన అది మంజూరయ్యెను. బెల్‌ఫాస్టులోని ఎడ్లిన్ అను సైకిలు నిర్మాత ఈ లావు టైర్లు పట్టునట్లు బండ్లు చేయసాగెను.

చూచినవారు మొదట నవ్విరి. సన్నని చక్రములకు అలవాటుపడిన కన్నులకు ఆ ఉబ్బిన టైర్లు వికారముగ కనబడెను. బెల్‌ఫాస్టు సైకిలు సంఘమొకదానికి నాయకుడైన విల్లీ హ్యూమ్ అను యువకుడు మాత్రము గాలి టైర్ల బైసికిలును కొనెను. 1889వ సంవత్సరము మే 18వ తేదీన బెల్‌ఫాస్టు క్వీన్స్ కాలేజీ ఆటస్థలమున జరిగిన నాలుగు సైకిలు పందెములలోను ఆతడే గెలిచెను. నవ్వినవారు ఆ సాయంకాలమునకే మౌనము వహించి యుందురు! కొలది కాలమునకే లివర్‌పూలునకు పోయి, అచట ఒకటి తప్ప తక్కిన పందెములన్నిటను ఆతడే జయించెను.

ఆనాడు ఓడిపోయినవారిలో హార్వీ డ్యూక్రో అను డబ్లిన్ వర్తకుని కుమారులుండిరి. ఆ వర్తకుడు ఐర్లండు సైకిలు సంఘముల సమాఖ్యకు అధ్యక్షుడు. ఆయన కుమారు లార్గురును క్రీడాకారులు. తన పిల్లల నోడించిన టైరు మీద కోపపడక, దానిని విలువకట్ట నేర్చిన వ్యాపారి యాతడు. 1889లోనే డబ్లిన్ నగరమున ఒక వర్తక సంఘము స్థాపింపబడెను. దాని యాజమాన్యము డ్యూక్రోది, వస్తువు డన్లప్‌ది. రబ్బరు వాసనయు నాఫ్తా వాసనయు భరింపలేమని డబ్లిన్ పురపాలకులు ఫిర్యాదు చేయగా టైర్ల తయారీ కొంతకాలమునకు ఇంగ్లండులోని కోవెంట్రీకి తరలెను.

డన్లప్ చేసిన మొదటి టైరునందు లోపములు లేకపోలేదు. దానిని రిమ్మునకు బట్టతో చుట్టి అతికింపవలసి యుండెను. ముల్లు గుచ్చుకొన్నచో ఆ చుట్టంతయు విప్పి, మరమ్మతు చేసి, తిరిగి అతికించునప్పటికి ఎంతో కాలము పట్టెడిది. 1890లో చార్లెస్ వెల్చ్ అనునాతడు టైరు అంచులో ఇనుప తీగ నిమిడ్చి, ఊడదీసి తిరిగి తొడుగదగిన టైరును కనిపెట్టెను. అదే సంవత్సరమున బార్ట్‌లెట్ అను మరియొకడు వేరొక విధమైన అంచును కల్పించెను. వర్తక సంఘము వా రిరువురి హక్కులను కూడ కొనివేసెను. గాలి నింపు వాల్వు సంగతియు నట్టిదే. మన యూళ్లలో బైసికిలు షాపువాడు చిన్న రబ్బరు గొట్టమును తొడిగి, వాల్‌ట్యూబు మార్చితినని చెప్పునే, ఆ వాల్వునకు డన్లప్ వాల్వు అని పేరున్నను దానిని 1891 ప్రాంతమున రూపొందించినవాడు వుడ్స్ అను వేరొక మనుజుడు. ఒక్కని పేర ప్రసిద్ధమైన వస్తువులో పలువురి చేతిపని యుండుట సామాన్యమే.

ఇక మొదట నడిగిన బ్రేకు సంగతికి వత్తము. గట్టి రబ్బరు టైరు మీద ఇనుప గరిటెను నొక్కినచో టైరు కొంత అరిగెడిదే గాని అంతకంటె ప్రమాదము లేకుండెను. గాలి టైరు మీద దానినే నొక్కిన యెడల పైతొడుగు త్వరగా అరిగి లోపలి ట్యూబునకు చేటు వచ్చును. అందుచే బ్రేకు టైరును విడిచి రిమ్మును పట్టుకొనవలసి వచ్చెను. రిమ్మును పట్టుటకు ఒక దారి, మన దేశపు నల్లని పెద్ద బైసికిళ్ల మీద మనము చిరకాలముగ చూచుచున్న కడ్డీల బ్రేకు. మీటను నొక్కగా కడ్డీ పైకి లాగబడి, గుఱ్ఱపు రికాబు వంటి ఇనుప వంపు రబ్బరు ముక్కలను రిమ్ము లోపలి ముఖమునకు అదుమును. మరియొక దారి 1896లో ఎర్నెస్ట్ బౌడెన్ అనునాతడు పేటెంటు పొందిన తీగ. వంగు గొట్టములో జారు ఉక్కుతీగ వలన చేతి బలమును ఏ మూలకైనను కొనిపోవచ్చును. ఈ తీగతో రిమ్ము యొక్క రెండు ప్రక్కలను పటకారు వలె పట్టు బ్రేకులు పుట్టెను.

అయితే పటకారు చేతులు టైరును చుట్టి రావలెను. టైరు లావైనకొలది చేతులు పొడుగగును, పొడుగైనకొలది వంగును, వంగినకొలది పట్టు సడలును. ఈ చిక్కును తీర్చినదే కాంటిలీవరు బ్రేకు. ఫోర్కు యొక్క రెండు కాళ్లకును రిమ్మునకు దగ్గరగ ఒక్కొక్క ఇనుప మొలకను అతికి, దానిని ఇరుసుగా చేసికొని ఒక్కొక్క పొట్టి చేయి తిరుగునట్లు అమర్చుదురు. చేతికి రబ్బరు ముక్క బిగింపబడి యుండును. రెండు చేతుల కొనలను టైరునకు మీదుగా ఒక అడ్డతీగ కలుపును. దాని నడుమ నొక కొక్కెము, ఆ కొక్కెమును పైకి లాగుటకు హాండిలు నుండి వచ్చు పెద్దతీగ. టైరెంత లావున్నను దారి కడ్డము లేదు. ఇద్దరెక్కు బైసికిళ్లకును, దూరప్రయాణపు బైసికిళ్లకును, 1980లలో ప్రబలిన కొండదారుల బైసికిళ్లకును ఇవి మిక్కిలి ఉపకరించెను. ఇప్పుడు వానిలో చాలవాటికి వేరు విధములైన బ్రేకులు వచ్చినను, కాంటిలీవరు బ్రేకు గల బండ్లు వాడుకలో లేకపోలేదు. కావున దానిని సరిచేయు విధమును కూడ చెప్పెదను. బ్రేకు చెడిన బండిపై పల్లమునకు దిగు బాలుడు తన ప్రాణమునే గాక ఎదుట వచ్చు ముసలివాని ప్రాణమును కూడ అపాయమున పెట్టుచున్నాడు గదా!

ముందుగ చక్రము ఫోర్కులో నిటారుగ కూర్చున్నదో లేదో, రిమ్ము వంకర లేక తిరుగుచున్నదో లేదో చూడవలెను. చక్రము వంకరగ నుండగా బ్రేకును సరిచేయ బూనుట వ్యర్థము. పిదప చేతు లిరుసుల మీద తేలికగ తిరుగుచు, స్ప్రింగుల బలముచే రెండును సమానముగ వెనుకకు మరలుచుండవలెను. మట్టి పట్టియున్నచో విప్పి తుడిచి కొంచెము గ్రీజు పూయవలెను.

తరువాత రబ్బరు ముక్క. అది రిమ్ము ప్రక్కనే పూర్తిగ ఆనవలెను. పైకి పోయి టైరునకు తగిలినచో కొన్ని దినములలోనే టైరు ప్రక్క చిరిగి ట్యూబు పగులును. క్రిందికి పోయినచో రిమ్మును తప్పి చువ్వలలోనికి దూరవచ్చును. ఇరుసు రిమ్మునకు క్రిందుగ నుండుటచే, ఈ జాతి బ్రేకులలో రబ్బరు అరిగినకొలది ముక్క క్రిందికి దిగుచుండును. కావున క్రొత్త ముక్కను బిగించునప్పుడు టైరునకు తగులకుండ రిమ్ము పైయంచునకు సమీపముననే యుంచుట మేలు. చక్రము తిరుగు దిక్కున ముక్క యొక్క ముందు కొన వెనుక కొన కంటె ఒక మిల్లీమీటరు ముందుగ రిమ్మును తాకునట్లు బిగించినచో బ్రేకు కీచుమనుట సాధారణముగ మానును.

అడ్డతీగ నడుమ నున్న కొక్కెమును గూర్చి చాలమంది పొరపడుదురు. కొక్కెమును పైకెత్తి కట్టినచో మీట గట్టిగ, తక్కువ దూరముననే ఆగును. అది చూచి బ్రేకు మంచి బలముగ నున్నదని సంతోషింతురు. నిజమునకు అది దుర్బలమైన బ్రేకు. కొక్కెమును క్రిందికి దింపినచో అడ్డతీగ చదునుగ పరచుకొని, అదే చేతిబలముతో రిమ్మును మరింత గట్టిగ నొక్కును. మీట మాత్రము ఎక్కువ దూరము రావలసి యుండును. మీట హాండిలునకు ఆనకుండునంత వరకు కొక్కెమును దింపుకొనవచ్చును. మీటను వదలినప్పుడు రబ్బరునకును రిమ్మునకును నడుమ ఇరుప్రక్కల రెండు మిల్లీమీటర్ల సందున్న చాలును. ఒక ప్రక్క దగ్గరగను ఒక ప్రక్క దూరముగను ఉన్నచో స్ప్రింగు బిగువును సవరింపవలెను. పెద్దతీగ పోగులు తెగుచున్నట్లు కనబడినచో ఆ దినమే మార్చవలెను. ముందు చక్రపు పెద్దతీగ ప్రయాణములో తెగినచో అడ్డతీగ టైరు మీద పడి, గట్లు గల టైరైనచో దానిని పట్టుకొని, చక్రమును ఒక్కసారిగ ఆపివేయగలదు. ముందు చక్రమునకు మడ్‌గార్డు ఉన్నచో ఈ ప్రమాదము తప్పును. వానలో తడిసిన ఉక్కు రిమ్మును ఏ బ్రేకును వెంటనే పట్టదు గనుక, వానకాలమున ముందుగనే నొక్కుట అలవాటు చేసికొనుడు.

చూచితిరా! ఒక పశువైద్యుడు కుమారుని కొరకు టైరును మార్చగా బ్రేకు మారెను, రిమ్ము మారెను, ఫోర్కు వెడల్పు మారెను. కాని ఆయన సొంత జీవితము మాత్రము అంతగ మారలేదు. దానికి కారణము చెప్పవలసి యున్నది.

పేటెంటు చేతికి వచ్చిన రెండేండ్లలోపుననే అది చెల్లదని డన్లప్‌నకు తెలియవచ్చెను. రాబర్ట్ విలియం థామ్సన్ అను మరియొక స్కాట్లండు దేశీయుడు 1845లోనే ఇంగ్లండునను, పిదప ఫ్రాన్సు, అమెరికా దేశములలోను ఇదే భావమునకు హక్కు పొందియుండెను. 1847లో లండను రీజెంట్స్ పార్కునందు గుఱ్ఱపు బండ్లకు అట్టి చక్రములు తొడిగి నడిపి చూపెను కూడ. తోలు తొడుగు, లోపల రబ్బరు పూసిన బట్ట గొట్టము, దానిలో గాలి. ఒక జత పన్నెండువందల మైళ్లు నడిచెను. కాని అప్పటికి బైసికిలు లేదు. మంచి పలుచని రబ్బరు చౌకగ దొరకదు. కావున లోకము ఆ సంగతిని మరచిపోయెను. థామ్సన్ 1873లో చనిపోయెను. డన్లప్‌నకు ఆయన పేటెంటు సంగతి తెలియదు. తానుగా ఆలోచించి, తానుగా చేసెను. అయినను చట్టము దృష్టిలో రెండవవాడు రెండవవాడే.

ఇందు న్యాయ మెవరి ప్రక్క నున్నదని కొందరు విద్యార్థులు నన్నడుగవచ్చును. మొదట భావించినవాడు థామ్సన్ అనుటలో సందేహము లేదు. దానిని మనుష్యుల వాడుకలోనికి తెచ్చినవాడు డన్లప్ అనుటయు సత్యమే. ఒకని పేరు తుడిచి ఒకని పేరు వ్రాయనక్కరలేదని నా యభిప్రాయము. పాఠ్యపుస్తకములు సామాన్యముగ రెండవ పేరే చెప్పుచున్నవి కావున మొదటి పేరును కూడ ఇచట స్పష్టముగ వ్రాసితిని.

డన్లప్ తన హక్కును ముందే డ్యూక్రోనకు ఒప్పగించి, దానికి ప్రతిగా సంఘములో 1,500 వాటాలు పుచ్చుకొనియుండెను. మూలహక్కు పోయినను వెల్చ్, బార్ట్‌లెట్ల హక్కులుండుటచే సంఘము నిలిచెను. నిలుచుటయేగాక మిక్కిలి వృద్ధి పొందెను. డన్లప్ మాత్రము యాజమాన్యపు పోకడలతో పొసగక 1895లో సంఘమును విడిచెను. మరుసటి సంవత్సరమే హూలీ అను ధనవ్యాపారి ఆ సంఘమును 30 లక్షల పౌనులకు కొని, కొలది కాలములోనే క్రొత్త సంఘముగ మార్చి 50 లక్షల పౌనులకు వాటాలు విక్రయించెను. క్రొత్త సంఘమునకు పెట్టిన పేరు డన్లప్. ఆ పేరు గల మనుజునకు ఆ లాభములో ఏమియు రాలేదు. రెండేండ్లలో హూలీ కూడ దివాలా తీసెను. డన్లప్ దారిద్ర్యము పాలు కాలేదు, కోటీశ్వరుడును కాలేదు.

గాలి టైరు వలన కలిగిన మరియొక ఫలితమును దాచుట న్యాయము కాదు. టైర్లకు రబ్బరు కావలసెను. తోటలు పెరుగక పూర్వము అది ఆఫ్రికా, దక్షిణ అమెరికా అడవులనుండియే రావలసి యుండెను. బెల్జియము రాజు రెండవ లియొపోల్డు స్వాధీనమున నున్న కాంగో దేశమున, నియమించినంత రబ్బరు తేలేని గ్రామస్థులను కొట్టిరి, చంపిరి, చేతులు నఱికిరి. అచట పనిచేయుచుండిన మిషనరీలలో కొందరు తాము చూచిన దానిని వ్రాసిరి. ఆలిస్ హారిస్ అను మిషనరీ స్త్రీ తీసిన ఛాయాచిత్రములు లోకమున కలవరము పుట్టించెను. 1904లో రోజర్ కేస్‌మెంట్ అను బ్రిటిషు ఉద్యోగి నివేదిక వెలువడెను. 1908లో ఆ దేశమును రాజు చేతినుండి బెల్జియము ప్రభుత్వము తీసికొనెను. దీనిలో డన్లప్ దోష మేమియు లేదు. అప్పటికే ఆయన వర్తకమును వీడి దూరముగ నుండెను. ఐనను ఒక నగరమున ఒక బాలుని కుదుపు మాన్పిన వస్తువునకు మూలద్రవ్యము మరియొక ఖండమున నెట్టి వెలకు వచ్చెనో ఎఱిగియుండుట మంచిది.

కడపటి దినములు డన్లప్ డబ్లిన్‌లో గడపెను. అచట ఒక బట్టల వ్యాపారమున ఆయనకు వాటా యుండెను. టైర్ల ప్రకటనలలో గడ్డము గల ఆయన ముఖము దేశదేశముల గోడలకెక్కుచుండగా, ఆయన సామాన్య గృహస్థుగ డబ్లిన్ వీథులలో తిరుగుచుండెను. మోటారు కార్లు, లారీలు, విమానములు కూడ గాలి టైర్ల మీద పరుగెత్తుట ఆయన కన్నులార చూచెను. 1921వ సంవత్సరము అక్టోబరు 23వ తేదీన బాల్స్‌బ్రిడ్జియందలి స్వగృహమున మరణించెను. డీన్స్‌గ్రేంజి శ్మశానవాటికయందు ఆయన భూస్థాపితుడయ్యెను.

ఆయన పేరు గల సంఘము 1936లో మన దేశమున, హుగ్లీ నదీతీరమునందలి సాహాగంజ్‌లో, టైర్ల కర్మాగారము నెలకొల్పెను. అది చాలకాలము నడిచి తరువాత మూతపడినది. గాలి టైరు చరిత్రను గూర్చి డన్లప్ స్వయముగ వ్రాసిన గ్రంథమొకటి ఆయన మరణానంతరము ప్రకటింపబడినది. కొయ్యపలక, నారబట్ట, ఫుట్‌బాలు పంపుల కథ యాతని చేతివ్రాతనుండియే మనకు దక్కినది.